ముఖ్యమైన పనిని ముందు చేయకండి

జీతాల ఫైలు తెల్లవారుజామున అయిదింటికల్లా బ్యాంకుకి చేరాలి. ఆ రాత్రి అయిదూ ఇరవైకి చేరింది. ఆ విడత ఫైళ్లు తీసుకోవడం బ్యాంకు అప్పటికే ఆపేసింది. పొద్దున ఆఫీసు ముందు మా కంపెనీ డ్రైవరు నన్ను ఆపి అడిగాడు: "మేడమ్, జీతం ఇంకా పడలే. ఇవాళ బండి కిస్తీ కట్ అయితది. సాయంత్రం వరకన్నా పడతదా?" రాత్రి జాబులు చూసుకునే డ్యూటీ నాదే. ఆయనకి ఏ జవాబూ చెప్పలేకపోయాను. జీతాలు మర్నాటికి గానీ పడలేదు.

జరిగింది ఇదీ. రాత్రిపూట కంప్యూటర్ మీద నడిచే ప్రతి జాబుకీ, వాటి వరుస వేసే మా షెడ్యూలర్‌లో ప్రయారిటీ అని ఒక గడి ఉండేది, ఒకటి నుంచి తొమ్మిది దాకా; ఒకటంటే అన్నిటికన్నా ముందు. ఎవరి పని వాళ్లకి ముఖ్యం కాబట్టి దాదాపు అందరూ ఒకటే వేసుకున్నారు. అంకె సమానమైతే ముందొచ్చినదాన్ని ముందు నడపడం ఆ షెడ్యూలర్ పద్ధతి. పైఅధికారులు చూసే అమ్మకాల రిపోర్టు ముందు వచ్చింది. రెండింటికి మొదలై నాలుగింటిదాకా నడిచింది. తర్వాత జీతాల లెక్క, గంటా ఇరవై నిమిషాలు. ఆ రిపోర్టుని పొద్దున పదింటిలోపు ఎవరూ తెరవరు. వరుస మార్చి ఉంటే జీతాలు మూడూ ఇరవైకీ, రిపోర్టు అయిదూ ఇరవైకీ తయారయ్యేవి. ఎవరికీ ఏమీ తగ్గేది కాదు. మిషను బలం చాలింది, రాత్రి కూడా చాలింది. ‘ఎప్పటికి కావాలి’ అని అడిగే గడి ఒక్కటే ఆ స్క్రీన్ మీద లేదు.

అప్పటినుంచి షెడ్యూలర్లే నా పని. ఎవరైనా సలహా అడిగితే నేను చెప్పేవి వాళ్లకి తలకిందులుగా వినిపిస్తాయి. ఇంట్లో, బడిలో, ఆఫీసులో నేర్పినదానికి అవి ఎదురు. అయినా చెప్పడం మానను. వరుస తప్పుగా వేసినవాళ్లకి ఏ నష్టమూ రాదు; నష్టపోయేది పొద్దున్నే గేటు దగ్గర నిలబడి అడిగే మనిషి.

ముఖ్యమైనదాన్ని వెనక్కి నెట్టండి

ఆసుపత్రిలో రోగికి మందు ఎక్కించే పంపు లాంటి చిన్న యంత్రాన్ని ఊహించుకోండి. ఒకే ప్రాసెసర్, రెండే పనులు. ప్రతి 100 మిల్లీసెకన్లకోసారి మందు మోతాదు లెక్కకట్టాలి; దానికి 40 మిల్లీసెకన్లు పడుతుంది. ప్రతి 10 మిల్లీసెకన్లకోసారి తెర మీద అంకెలు మార్చాలి. దానికి 3 మిల్లీసెకన్లు చాలు. రెండిట్లో ఏది ముఖ్యమంటే చిన్నపిల్లలైనా మోతాదే అంటారు. సరే, మోతాదుకే పై ప్రయారిటీ ఇచ్చారనుకోండి. అది 40 మిల్లీసెకన్లు ఏకబిగిన నడుస్తుంది. ఈలోపు తెర నాలుగుసార్లు గడువు తప్పుతుంది. నర్సమ్మ చూసే అంకెలు మిణుకుమిణుకుమంటాయి.

ఇప్పుడు తెరని పైన పెట్టండి. ప్రతి పదిలో మూడు తెర తీసుకుంటుంది, ఏడు మోతాదుకి మిగులుతాయి. మోతాదు లెక్క 58వ మిల్లీసెకనుకి పూర్తవుతుంది. దాని గడువు 100. రెండు పనులూ ఒడ్డున పడ్డాయి. ప్రాణం నిలబెట్టే పనిని వెనక పెట్టడం వల్ల ఆ పనికి కించిత్తు కూడా నష్టం రాలేదు.

సి.ఎల్. లియూ, జేమ్స్ లేలాండ్ 1973లో రాసిన పేపరు సారం ఇదే. ప్రయారిటీలని ముందే బిగించేసే పద్ధతుల్లో, తరచుగా వచ్చే పనికి పై మెట్టు ఇవ్వడాన్ని మించినది లేదని వాళ్లు నిరూపించారు. దానికి రేట్ మోనోటోనిక్ అని పేరు. మెట్లు బిగించకుండా, ఎప్పటికప్పుడు ఎవరి గడువు దగ్గరపడితే వాళ్లని ముందుకు పిలవడం ఇంకో పద్ధతి: ఎర్లియెస్ట్ డెడ్‌లైన్ ఫస్ట్. పనులన్నీ కలిపి ప్రాసెసర్‌ని నూటికి నూరుపాళ్లు నింపేసినా అది గడువు తప్పనివ్వదు. అంతకుముందే, 1955లో, జె.ఆర్. జాక్సన్ ఒకే మిషను మీద నడిచే పనుల గురించి ఇలాంటి మాటే రుజువు చేశాడు. గడువుల వరుసలో చేసుకుపోతే, అన్నిటికన్నా ఎక్కువ ఆలస్యమైన పని కూడా సాధ్యమైనంత తక్కువ ఆలస్యంతో బయటపడుతుంది. ఈ మూడు చోట్లా ‘ఈ పని ఎంత గొప్పది’ అన్న ప్రశ్న ఎక్కడా రాదు.

కాలం సరిపోతున్నంతసేపూ గడువు చూస్తే చాలు, ప్రాముఖ్యంతో పని లేదు. అందరి పనీ అవుతుంది కదా, ఎవరు గొప్ప అన్న తగువు దేనికి? కాలం సరిపోదని తేలినప్పుడు ఎవరిని వదులుకోవాలో చెప్పడానికే ప్రాముఖ్యం కావాలి. ఈ రెండు వేళలనీ కలగలిపేసి ఒక్క అంకెలో కుక్కడం వల్లే మా జీతాల ఫైలు ఆగిపోయింది.

లైనక్స్ కెర్నల్ ఈ రెంటినీ విడదీసిన తీరు నాకు చాలా ఇష్టం. అక్కడ ప్రతి ప్రాసెస్‌కీ నైస్ అని ఒక అంకె ఉంటుంది, మైనస్ 20 నుంచి 19 దాకా. అది తగ్గేకొద్దీ ప్రాసెసర్‌లో ఆ పని వాటా పెరుగుతుంది. 2023లో వచ్చిన 6.6 వెర్షన్ నుంచి ఈఈవీడీఎఫ్ అనే పద్ధతి వాడుతున్నారు. అయాన్ స్టోయికా, హుస్సేన్ అబ్దెల్ వహాబ్ 1995లోనే దాన్ని రాసిపెట్టారు. అందులో షెడ్యూలర్ రెండు ప్రశ్నలు వేరువేరుగా వేసుకుంటుంది. ఈ పనికి న్యాయంగా రావలసిన వాటా ఇంకా బాకీ ఉందా? బాకీ ఉన్నవాటిలో ఎవరి గడువు ముందు? సమయాన్ని చిన్న ముక్కలుగా అడిగే పనికి గడువు ముందుకొస్తుంది గానీ వాటా పెరగదు. అంటే చిన్నపనివాడు త్వరగా లోపలికి వెళ్లి త్వరగా బయటికొస్తాడు, పక్కవాడి ముద్ద మాత్రం తినడు.

మా ఆఫీసులో ఆ ప్రయారిటీ గడి తీయించడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. దాని చోట రెండు గడులు పెట్టించాను. ఎప్పటికి కావాలి? అప్పటికి రాకపోతే ఎవరికి ఏమవుతుంది? రెండోదాంట్లో అంకె వేస్తే ఒప్పుకునేదాన్ని కాదు, వాక్యం రాయాలి. ‘పైవాళ్లు అడిగారు’ అని రాసినవాటిని తిప్పి పంపేదాన్ని.

పెద్ద మూటని పక్కన పెట్టేయండి

మా అమ్మ తెనాలిలో జాకెట్లు కుట్టేది. ముందుగదిలో కిటికీ కింద మిషను, పక్కన చెక్క బల్ల, బల్ల మీద మూటలు. ఒక్కో మూటలో జాకెట్టు గుడ్డలు, లైనింగు, ఆది జాకెట్టు. పైన గుండుసూదితో గుచ్చిన చీటీ. చీటీ మీద మనిషి పేరు కన్నా పెద్దక్షరాలతో తేదీ ఉండేది. శ్రావణమాసం వచ్చిందంటే ఆ బల్ల మీద చెయ్యి ఆనించే చోటు దొరికేది కాదు. హుక్కులు కుట్టడం, కాజాలు తీయడం నా వంతు.

అలాంటి ఒక వారం లెక్క చెప్తాను, అంకెలు సాపు చేసి. బల్ల మీద అయిదు మూటలున్నాయి. మొదటిది రెండు రోజుల పని, మూడో రోజుకి ఇవ్వాలి. రెండోది నాలుగు రోజుల పని, అయిదో రోజుకి. మూడోది ఒక్కరోజు పని, ఆరో రోజుకి. నాలుగోది మూడు రోజులు, ఏడో రోజుకి. అయిదోది రెండు రోజులు, ఎనిమిదో రోజుకి. అన్నీ కలిపితే పన్నెండు రోజుల పని. ఆఖరి గడువు ఎనిమిదో రోజు. అందరికీ అందదని కూడిక చేసినప్పుడే తెలిసిపోతోంది.

ఎవరినీ నొప్పించకూడదని గడువుల వరుసలో కుట్టుకుంటూ పోతే ఏమవుతుందో చూడండి. మొదటి మూట రెండో రోజుకి అయిపోతుంది, బాగానే ఉంది. రెండోది ఆరో రోజుకి అవుతుంది, ఒకరోజు ఆలస్యం. ఆ ఆలస్యం కిందివాళ్ల మీద పడుతుంది. మూడోది ఏడో రోజుకి, నాలుగోది పదో రోజుకి, అయిదోది పన్నెండో రోజుకి. అయిదుగురిలో నలుగురికి మాట తప్పినట్టయింది. కాలం సరిపోయినప్పుడు అంత గొప్పగా పనిచేసిన గడువుల పద్ధతి, సరిపోనప్పుడు ఇలా వరసగా అందరినీ పడేస్తుంది.

దీనికి మందు 1968లో జె.ఎం. మూర్ రాశాడు. గడువుల వరుసలో ఒక్కొక్కటే చేర్చుకుంటూ పొండి. ఎక్కడ గడువు తప్పుతుందో అక్కడ ఆగండి. అప్పటిదాకా చేర్చుకున్నవాటిలో అన్నిటికన్నా పెద్దదాన్ని తీసి పక్కన పెట్టండి. మళ్లీ ముందుకు సాగండి. మన బల్ల మీద రెండో మూట దగ్గరే ఆగాలి. అప్పటికి పెద్దదీ అదే. దాన్ని తీసేస్తే మిగతావి రెండు, మూడు, ఆరు, ఎనిమిది రోజులకి పూర్తవుతాయి. నలుగురికీ చెప్పిన రోజుకి అందుతాయి. ఒక్కరికే ఆలస్యం. గడువు తప్పిన పనుల సంఖ్య ఇంతకన్నా తగ్గే దారి లేదని మూర్ పద్ధతికి రుజువుంది.

అయితే ఆ నాలుగు రోజుల మూట పెళ్లికూతురిది. చేతుల మీద మగ్గం వర్కు, దానికి తగ్గ కుట్టు. మూర్ సూత్రానికి ఆ సంగతి తెలియదు, మూటలన్నీ దానికి ఒకటే. ఇదిగో, ప్రాముఖ్యం అడగవలసిన వేళ ఇప్పుడొచ్చింది. పెళ్లికూతురి మూట నిలవాలంటే మొదటి మూటా పోవాలి, నాలుగో మూటా పోవాలి. అప్పుడు పెళ్లికూతురిది నాలుగో రోజుకి, మూడో మూట అయిదో రోజుకి, అయిదోది ఏడో రోజుకి అవుతాయి. ఒకరిని నిలబెట్టడానికి ఇద్దరిని వదులుకోవాలి. ఒక్కరిని మాత్రమే వదులుకుని పెళ్లికూతురిని కాపాడే వరుస ఏదైనా ఉందేమో కాగితం మీద మీరే వేసి చూడండి. దొరకదు.

ప్రతి మూటకీ ఒక బరువు పెట్టి, గడువులు కూడా చూస్తూ, మొత్తం మీద తక్కువ బరువు వదులుకునే వరుస కనుక్కోవడం నిజంగా కష్టమైన లెక్క. 1972లో రిచర్డ్ కార్ప్ మహా కష్టమైన సమస్యలని 21 ఏరి జాబితా వేస్తే అందులో ఇదీ ఉంది. కాబట్టి ప్రయారిటీలు, డెడ్‌లైన్లు మేమే బ్యాలెన్స్ చేసేస్తాం అని ఏ సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లైనా చెప్తే, బరువులు ఎవరు వేస్తారని అడగండి. పెళ్లికూతురు ఎవరో చెప్పాల్సింది మనమే.

సేఫ్‌సైడు కోసం గడువు ముందుకు జరపకండి

పెళ్లి పన్నెండో తారీకు అయితే ఎనిమిదికే కావాలనేవాళ్లు చాలామంది. ఎలాగూ ఆలస్యం చేస్తారు కదా, నాలుగు రోజులు ముందే చెప్తే మంచిదని వాళ్ల ఆలోచన. తప్పు పట్టలేం. కానీ గడువు చూసి వరుస వేసే చోట అబద్ధపు గడువు అంటే క్యూలో అడ్డంగా దూరడమే. తొమ్మిదిన నిజంగానే పెళ్లి ఉన్న మనిషి వెనక్కిపోతుంది. ఆఫీసుల్లో శుక్రవారం సాయంత్రానికి కావాలని తెప్పించుకుని మంగళవారం తెరిచే ఫైళ్లు ఇలాంటివే. నాకు వీటి మీద నిజంగా కోపం. ఆ శుక్రవారం రాత్రి ఎవరో ఒకరు ఇంటికి వెళ్లి ఉండరు.

అమ్మ ‘ఎప్పటికి కావాలి’ అని అడిగేది కాదు. "ముహూర్తం ఏ రోజమ్మా, ఎన్ని గంటలకి?" అని అడిగేది. ముహూర్తం విషయంలో ఎవరూ అబద్ధం ఆడరు. మీరూ అలాగే అడగండి. ఈ ఫైలు తీసుకెళ్లి తర్వాత ఏం చేస్తారు, ఆ తర్వాతి మెట్టు ఎన్నింటికి మొదలవుతుంది అని. అసలు గడువు అక్కడ దొరుకుతుంది.

మిషన్ని ఖాళీగా కూర్చోనివ్వండి

సర్వర్లలో మూడోవంతు ఖాళీగా కనిపిస్తే మేనేజర్లకి ప్రాణం ఉసూరుమంటుంది. ఆ ఖాళీని నింపకండి. లియూ, లేలాండ్ లెక్క ప్రకారం, బిగించిన ప్రయారిటీలతో రెండు పనులు నడిపితే ప్రాసెసర్ వాడకం 82.8 శాతం దాటనంతవరకూ గడువులకి పూచీ ఉంటుంది. మూడు పనులైతే 78 శాతం. పనులు పెరిగేకొద్దీ ఆ గీత 69.3 శాతానికి దిగిపోతుంది. గీత దాటినా పని జరగొచ్చు, కానీ అప్పుడు ఒక్కో పనినీ విడిగా లెక్కచూసి తేల్చుకోవాలి.

ఎప్పుడొస్తాయో, ఎంతసేపు పడతాయో తెలియని పనుల సంగతి ఇంకా కఠినం. ఒకే కౌంటరు ఉన్న మామూలు క్యూ లెక్క తీసుకుంటే, కౌంటరు సగం సమయం పనిలో ఉన్నప్పుడు వచ్చినవాళ్లు సగటున ఒక మనిషి పనికి పట్టేంతసేపు ఆగాలి. 80 శాతం పనిలో ఉంటే దానికి నాలుగింతలు. 90 శాతం అయితే తొమ్మిదింతలు. 95కి చేరితే పందొమ్మిది. ఆ ఆఖరి అయిదు శాతం కోసం ఆశపడి, ఆగే సమయాన్ని రెట్టింపు చేసుకున్నట్టు. అర్ధరాత్రి వచ్చిపడే అత్యవసరం పని ఆ ఖాళీలోనే పడుతుంది. ఖాళీ లేకపోతే ఇంకొకరి గడువు మీద పడుతుంది.

అడ్డొచ్చిన చిన్నవాణ్ణి అందలం ఎక్కించండి

1997 జులై 4న మార్స్ పాత్‌ఫైండర్ అంగారకుడి మీద దిగింది. ఫొటోలు బాగా పంపింది, సోజర్నర్ అనే చిన్న బండిని దింపింది. కొన్ని రోజులకే పాత్‌ఫైండర్ కంప్యూటరు తనంతట తాను రీసెట్ అవడం మొదలుపెట్టింది. రీసెట్ అయిన ప్రతిసారీ ఆ రోజు చేయాల్సిన పని ఆగిపోయేది.

లోపల మూడు పనుల కథ నడుస్తోంది. సమాచారం అటూ ఇటూ చేరవేసే బస్సుని చూసుకునే పనికి పై ప్రయారిటీ. భూమితో మాట్లాడే పనికి మధ్యది. వాతావరణం కొలిచే పనికి కిందది. వాతావరణం పని అప్పుడప్పుడూ వచ్చి, పైపని కూడా వాడుకునే ఒక తాళం తీసుకుని, కాస్త రాసి, తాళం వదిలేస్తుంది. ఒకసారి అది తాళం చేతిలో పట్టుకుని ఉండగానే మధ్యపని వచ్చి పక్కకి తోసేసింది. మధ్యపనికి కిందిదాన్ని తోసే హక్కుంది, రూలు ప్రకారం తప్పేమీ చేయలేదు. కిందిది కదలదు కాబట్టి తాళం రాదు. తాళం రాదు కాబట్టి పైపని కూర్చుండిపోయింది. బస్సు పని వేళకి పూర్తి కాలేదని మరో పని కనిపెట్టి, ఏదో పెద్ద తప్పు జరిగిందనుకుని మొత్తం కంప్యూటర్ని రీసెట్ చేసేసింది. అన్నిటికన్నా పైన ఉన్న పని, తనకన్నా తక్కువ దానికోసం, అందులోనూ ఆ తాళంతో సంబంధమే లేని మధ్యవాడి చేతుల్లో ఆగిపోయింది. దీన్ని ప్రయారిటీ ఇన్వర్షన్ అంటారు.

కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ ఇంజనీర్లు అచ్చం అలాంటి యంత్రం మీద ఇక్కడ భూమ్మీదే ఆ తప్పుని మళ్లీ రప్పించి పట్టుకున్నారు. సవరణ చిన్నది. వీఎక్స్‌వర్క్స్ అనే ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఆ తాళానికి వారసత్వం అనే సదుపాయం ముందునుంచే ఉంది, ఆపి ఉంచారంతే. దాన్ని ఆన్ చేయమని అంగారకుడికి కబురు పంపారు. అప్పటినుంచి, పైపని తాళం కోసం ఆగిన క్షణంలో, తాళం పట్టుకున్న కిందిపనికి పైపని ప్రయారిటీ తాత్కాలికంగా వస్తుంది. మధ్యవాళ్లు దాన్ని తోయలేరు. తాళం వదలగానే మళ్లీ తన మెట్టుకి దిగిపోతుంది. లూయి షా, రాజ్‌కుమార్, లెహోస్కీ 1990లో దీని లెక్కలన్నీ కట్టి చూపించారు.

ఆఫీసుల్లో నేను రోజూ చూసేది దీన్నే. సాఫ్ట్‌వేర్ రిలీజు ఒక్క చిన్న అనుమతి కోసం ఆగి ఉంటుంది. ఆ అనుమతి ఇవ్వాల్సిన జూనియర్ అమ్మాయి ఎవరో అప్పగించిన మామూలు టికెట్లు వరుసగా చేసుకుంటూ ఉంటుంది. పదినిమిషాలకోసారి ఆ అమ్మాయికి ఫోన్ చేసి ఎక్కడిదాకా వచ్చిందని అడుగుతారు. అలా అడగడం ఆపి, మిగతా టికెట్లన్నీ ఆ పిల్ల చేతిలోంచి తీసేయండి. మీకొచ్చే టీ, మీ నిశ్శబ్దమైన గది, మీ పేరు చెప్తే తలుపులు తెరుచుకునే పలుకుబడి, అన్నీ ఆ గంటసేపు తనకివ్వండి.

నాలుగో వంటమనిషిని పిలవకండి

పెళ్లింట్లో వంట. చీటీ మీద తొమ్మిది పనులు వరుసగా రాసి గోడకి అంటించారు. ఒకటి, పూర్ణం ఉండలు కట్టడం, 30 నిమిషాలు. రెండు, కొబ్బరి పచ్చడి, 20. మూడు, పులిహోరకి పులుసు, 20. నాలుగు, కూరగాయలు తరగడం, 20. అయిదు నుంచి ఎనిమిది దాకా నాలుగు కూరలు, ఒక్కోటి 40. తరగడం అయ్యాకే ఇవి మొదలవుతాయి. తొమ్మిది, బూరెలు వేయడం, 90; పూర్ణం అయ్యాకే. చేయి ఖాళీ అయినవాళ్లు చీటీలో పైనుంచి చూసుకుంటూ వచ్చి, అప్పటికి మొదలుపెట్టగలిగిన మొదటి పని అందుకోవాలి.

ముగ్గురు వంటవాళ్లయితే మొత్తం వంట 120 నిమిషాల్లో అయిపోతుంది. మగపెళ్లివారు త్వరగా వస్తున్నారని నాలుగో మనిషిని పిలిచారు. మొదటి నాలుగు పనులూ ఒకేసారి మొదలయ్యాయి. ఇరవయ్యో నిమిషానికి ముగ్గురు ఖాళీ అయి మూడు కూరలు అందుకున్నారు. ముప్పయ్యో నిమిషానికి పూర్ణం కట్టినాయన లేచాడు. చీటీలో బూరెల కన్నా పైన నాలుగో కూర ఉంది, అది అందుకున్నాడు. బూరెల మూకుడు దగ్గరికి మనిషి వచ్చేసరికి అరవయ్యో నిమిషం. అక్కడినుంచి తొంభై. వంట 150 నిమిషాలకి అయింది. మనిషిని పెంచితే అరగంట ఆలస్యం.

ఈ అంకెలు నావి కావు. బెల్ ల్యాబ్స్‌లో రోనాల్డ్ గ్రాహమ్ 1966లో ఇలాంటి విడ్డూరాలని లెక్కకట్టి చూపించాడు. ఆయన తొమ్మిది పనులకి నేను వంటింటి పేర్లు పెట్టానంతే. ముగ్గురే ఉండి, ప్రతి పనీ పది నిమిషాలు త్వరగా ముగించినా 130 నిమిషాలు పడుతుంది. వేసుకుని చూడండి. కొత్త సర్వర్లు కొన్న నెలలో రాత్రి జాబులు ఇంకా ఆలస్యమయ్యాయని నాకు ఫోన్లు వచ్చాయి. వెళ్లి చూస్తే ప్రతిసారీ ఇదే చీటీ. పూర్ణం, బూరెలు కలిపి 120 నిమిషాలు ఒకదాని తర్వాత ఒకటిగానే జరగాలి; పదిమందిని పిలిచినా అంతకన్నా తగ్గదు. బూరెలని చీటీలో పైకి ఎక్కించండి. ముగ్గురో నలుగురో ఉన్నవాళ్లే 120కి ముగిస్తారు.

ఇక కిందిమెట్టు పనుల గురించి ఒక్క మాట. కాజీపేట దారిలో రైల్లో వెళ్తుంటే చిన్న స్టేషన్లలో లూప్ లైను మీద గూడ్సు బండి నిలబడి ఉంటుంది. ఒక ఎక్స్‌ప్రెస్ పోయాక ఇంకోటి, అది పోయాక మరోటి. షెడ్యూలర్‌లో కూడా కిందిమెట్టు పనులు ఇలా నిలబడిపోతాయి. ఆగినకొద్దీ వాటి ప్రయారిటీని ఒక్కో మెట్టు పెంచండి. ఏజింగ్ అంటారు దీన్ని. ఆ పాత పని పనికిమాలినదే అని మీకు అనిపించినా పెంచండి.

మునుగుతుంటే అన్నీ తుడిచేయండి

1969 జులై 20న అపోలో 11 చంద్రుడి మీదకి దిగుతోంది. గైడెన్స్ కంప్యూటరు 1202 అని అలారం చూపించింది, ఆ తర్వాత 1201. కొత్త పనికి చోటు లేదని వాటి అర్థం. ఆ వేళకి అక్కర్లేని రాడార్ నుంచి వస్తున్న సంకేతాలు ప్రాసెసర్ సమయాన్ని కొరుక్కుతింటున్నాయి. ఆ కంప్యూటరు బతిమాలుకుంటూ అన్నిటినీ కొంచెం కొంచెం చేసే ప్రయత్నం చేయలేదు. ఉన్న పనులన్నీ తుడిచేసి, దిగడానికి తప్పనిసరైన వాటిని ఆగినచోటి నుంచి మళ్లీ ఎత్తుకుంది. మిగతావి ఊడిపోయాయి. కిందికి దిగుతున్న ఆ కొద్ది నిమిషాల్లో ఇలా అయిదుసార్లు జరిగింది. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చేతిలో ఉన్న నౌక కింద పడకుండా దిగింది. ఏవి తప్పనిసరో ఆ ప్రోగ్రాం రాసిన ఎంఐటీ వాళ్లు చంద్రుడి దగ్గర తేల్చుకోలేదు. భూమి మీద, తీరిగ్గా, ముందే రాసిపెట్టుకున్నారు. మీ జాబితా కూడా ఓవర్‌లోడ్ లేని రోజే రాసుకోండి.

గుమ్మంలోనే కాదనండి

2014లో లైనక్స్ 3.14తో పాటు షెడ్ డెడ్‌లైన్ అనే విధానం వచ్చింది. అందులో చేరాలనుకునే పని మూడు మాటలు ముందే చెప్పాలి. నాకు ఇంత సమయం కావాలి, ఇంత గడువులోపు కావాలి, ఇంతకాలానికోసారి కావాలి. కెర్నల్ అప్పటికే ఒప్పుకున్నవాటితో దీన్ని కలిపి కూడుతుంది. పట్టకపోతే చేర్చుకోదు, బిజీ అని ఎర్రర్ ఇచ్చి పంపేస్తుంది. సిస్టమ్ మీద సర్వాధికారాలున్న రూటు యూజరు అడిగినా అదే కూడిక. లోపలికి వచ్చినవాటికి మాత్రం ఒప్పుకున్న వాటా దక్కేలా చూస్తుంది.

సరే చూద్దాం అని తీసుకుని ఆఖరి రోజు చేతులెత్తేయడం మర్యాద అనుకుంటారు మనవాళ్లు. అది చాలా అన్యాయం. మొదటి రోజే కాదంటే ఆ మనిషికి ఇంకో దారి వెతుక్కునే వ్యవధి ఉంటుంది.

శ్రావణమాసంలో రోజూ దీపాలవేళకి అమ్మ మిషను ఆపి, చీటీలన్నీ నేల మీద పరిచి వేళ్ల మీద లెక్క చూసేది. పట్టని మూట ఏదో తేలాక దాన్ని విప్పకుండానే నా చేతికిచ్చేది, రేపు చెప్దాంలే అనేది కాదు. ఆ ఇంటికి వెళ్లి ఏం చెప్పాలో నేర్పి పంపేది: "అత్తయ్యగారూ, మీ ముహూర్తానికి అమ్మ వల్ల అవదట, ఇప్పుడే చెప్పమంది." వాళ్లు విసుక్కునేవాళ్లు. ఒకావిడ మూట నా చేతిలోంచి లాక్కుంది కూడా. అయినా నేను రెండో మాట కూడా చెప్పే రావాలి. మూడు వీధుల అవతల జాకెట్లు కుట్టే ఇంకో ఆవిడ ఉందనీ, వేపచెట్టు పక్కన నీలం తలుపుల ఇల్లనీ, ఈ వారం ఆవిడ దగ్గర రెండు మూటలే ఉన్నాయని అమ్మ పొద్దున్నే కనుక్కుందనీ.